ఖాళీగా వెళ్ళకూడని డబ్బా

నా చిన్నప్పుడు ఒక ఐస్‌క్రీమ్ డబ్బా నా ప్రాణాలు తోడేసింది. రెండు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, నీలం మూత, పక్కన సగం చెరిగిపోయిన వెనిల్లా బొమ్మ. అందులో ఐస్‌క్రీమ్ మేము తిన్నామో మా వీధి చివరి పడవ తాత తిన్నాడో ఎవరికీ గుర్తులేదు. డబ్బా ఎవరిదో తెలిసి ఉంటే అసలు గొడవే ఉండేది కాదు. ఎవరిదైతే వాళ్ళే ఇంట్లో పెట్టుకుని ఊరుకునేవాళ్ళు. ఎవరిదో తెలియకపోవడం వల్ల ఆరు నెలలపాటు దాన్ని మోసే భాగ్యం నాకు దక్కింది.

అప్పుడు నాకు పదేళ్ళు. అంతకు ఏడాది ముందు మా నాన్నకి న్యూజిలాండ్ దక్షిణ దీవిలో, కొండల మధ్య ఒక జలవిద్యుత్ కేంద్రంలో ఇంజనీరు ఉద్యోగం వచ్చింది. భీమవరం పక్కనుంచి నేరుగా ఆ లోయలోకి వచ్చి పడ్డాం. డ్యాము కట్టిన రోజుల్లో పనివాళ్ళ కోసం సరస్సు ఒడ్డున వేసిన ఇళ్ళు ముప్పై ఉండేవి. అదే ఊరు. పద్నాలుగు మంది పిల్లలున్న ఒక బడి, ఒక హాలు, ఒక డెయిరీ. డెయిరీ అంటే పాలకేంద్రం కాదు, ఈ దేశంలో చిల్లర కొట్టుని అలా అంటారు. సూపర్ మార్కెట్‌కి వెళ్ళాలంటే గంట డ్రైవ్ చేయాలి. ఉన్నది ఒకటే వీధి. దాని పైచివర మా ఇల్లు, కిందిచివర నీళ్ళను ఆనుకుని పడవ తాత ఇల్లు.

పడవ తాత అన్న పేరు మేము మా ఇంట్లో పెట్టుకున్నది. ఆయన డ్యాము కట్టినప్పుడు క్రేను నడిపాడట. పని అయిపోయాక అందరూ వెళ్ళిపోతే ఆయనా, ఆయన భార్యా మాత్రం అక్కడే ఉండిపోయారు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. డెబ్భై దాటిన మనిషి, చిన్న అల్యూమినియం పడవ, నారింజ రంగు లైఫ్ జాకెట్, అంతే ఆయన సంసారం. బడి పిల్లలందరూ ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు. నేనలా పిలిస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది కాబట్టి ఎదురుగా అంకుల్ అనేదాన్ని. లోయలో గాలి సంగతి నాకు మొదట చెప్పింది ఆయనే. సరస్సు ఎగువ కొస కొండల మీద మబ్బు విల్లులా వంగిందంటే మధ్యాహ్నానికి వాయవ్యం నుంచి పెద్ద గాలి దిగుతుందనీ, ఆ రోజు ఎంత మొనగాడైనా పడవ ఎక్కకూడదనీ చెప్పేవాడు.

గొడవంతా చేపతో మొదలైంది. మా అమ్మ గోదావరి జిల్లా మనిషి. సూపర్ మార్కెట్లో దొరికే తెల్లటి చేప ముక్కలు తెచ్చి, ముల్లూ తలా లేనిది చేపేనా అని వాటిని తిడుతూ వండేది. కళ్ళెదురుగా అంత సరస్సు ఉంది కదా అని ఒకరోజు డెయిరీకి వెళ్ళి, సరస్సు చేప కావాలని అడిగింది. కొట్టతను నవ్వి, అది ఇక్కడ అమ్మరు అన్నాడు. ఎందుకు అమ్మరో అడిగేంత ఇంగ్లీషు అప్పటికి అమ్మకి లేదు. మనకి అమ్మరేమో అనుకుని చిన్నబోయి వచ్చేసింది. ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ, మర్నాడు పొద్దున్నే పడవ తాత మా గుమ్మంలో ఉన్నాడు. చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బా, ఊరి హాల్లో విందయ్యాక ఎవరి చేతికి దొరికింది వాళ్ళు తెచ్చుకునే రకం, అందులో మోచేతి పొడవు ట్రౌట్ చేప, తలతో సహా వంకరగా సర్దుకుని ఉంది.

ఆ రోజు చింతపండు పులుసు మా ఇంట్లో ఉడికిన వాసన నాకు ఇప్పటికీ తెలుసు. అమ్మ తల ముక్క తాను వేసుకుని, చాలారోజుల తర్వాత చేపని తిట్టకుండా తిన్నది. ఆ తర్వాత డబ్బా కడిగింది, తుడిచింది, దానివంక చూసింది. మన ఇళ్ళల్లో ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపం కదా. పులిహోర కలిపి, మూత బిగించి, నా చేతికిచ్చింది.

పడవ తాత పులిహోర తీసుకున్నాడు, సంతోషించాడు. మూడోరోజుకి డబ్బా నిండా ప్లమ్ పళ్ళు పంపాడు. అమ్మ జంతికలు పంపింది. ఆయన అక్రోటు కాయలు పంపాడు. అమ్మ కొబ్బరి లడ్డూలు పంపింది. ఆయన రూబార్బ్ కాడలు పంపాడు. ఆకులు తినకూడదనీ, కాడలే వాడాలనీ నాచేత రెండుసార్లు అప్పజెప్పించుకుని మరీ పంపాడు. పుల్లగా ఉన్నాయని అమ్మ వాటిని చుక్కకూరలా పప్పులో వేసింది. బాగానే ఉంది. బాగున్నందుకు మినప గారెలు వెళ్ళాయి. గారెలకు జామ్ సీసా వచ్చింది. ఇలా ఒకరు తగ్గితే ఒకరికి తలవంపులన్నట్టు ఇద్దరూ పోటాపోటీగా నింపుతూనే ఉన్నారు.

వాళ్ళిద్దరికీ బాగానే ఉంది, మోసేదాన్ని నేను కదా. వెళ్ళేటప్పుడు దిగుడు, వచ్చేటప్పుడు ఎక్కుడు. బడి నుంచి వచ్చి బూట్లు విప్పేలోపు డబ్బా సిద్ధంగా ఉండేది. వేడిగా ఉన్నప్పుడే ఇచ్చి రమ్మని అమ్మ తరిమేది. అక్కడ ఆయన, ఒక్క నిమిషం ఆగు అని షెడ్డులోకి వెళ్ళి అరగంట వెతికేవాడు. చేతులు వేళ్ళాడేసుకుని నేను ఆ చలిలో నిలబడేదాన్ని. సైకిలు తొక్కుకునే వయసులో అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. ఒకసారి నాన్న, ఆ డబ్బాని డస్ట్‌బిన్‌లో పడేస్తే పీడ వదులుతుంది కదా అన్నాడు. రేపు ఆయన అడిగితే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి అని అమ్మ విరుచుకుపడింది. అసలు సంగతేమిటంటే, ఆ జామ్‌లూ పళ్ళూ మేము తినలేకపోతున్నాం. ఫ్రీజరు తలుపు మోకాలితో తోస్తే గానీ మూసుకునేది కాదు. ఆ ముక్క ఆయనతో చెప్పడానికి అమ్మకి మొహమాటం. ఇంత మొహమాటం సముద్రాలు దాటించి మరీ ఎందుకు తెచ్చుకుందో నాకు అర్థమయ్యేది కాదు.

ఆ చలికాలంలో పడవ తాతకి తుంటి ఆపరేషన్ జరిగింది. వేసవి వచ్చేదాకా పడవ జోలికి పోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కర్ర పట్టుకుని నడిచేవాడు. అయినా డబ్బా ఆగలేదు. సెప్టెంబరు నాటికి ఆయన తోట బోసిపోయింది. అక్రోట్లు అయిపోయాయి, జామ్ సీసాలు అయిపోయాయి. ఆ మాట నేను అమ్మకి చెప్పాను కూడా. పాపం ఒంటరి మనిషి, ఇంకాస్త పంపాలి అంటూ అమ్మ మరింత మంచివి చేయడం మొదలుపెట్టింది. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఒక శనివారం పొద్దున అమ్మ సున్నుండలు చుట్టింది. మన ఊరి నుంచి ఎవరో తెచ్చిన నెయ్యి, మినప సున్ని. నన్ను మంచి నిద్రలోంచి లేపి పంపింది. పడవ తాత గుమ్మంలోనే ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. అంతవరకూ పంపినవాటిల్లో ఇదే గొప్పది అన్నాడు. తక్కినవాటిని ఒక పళ్ళెంలోకి సర్దుకుని, డబ్బా కడిగి, తోటవైపు చూశాడు, అలమరవైపు చూశాడు. తర్వాత కాస్త సిగ్గుపడుతూ, ఈసారికి నా దగ్గర ఏమీ లేదమ్మా, ఖాళీది పట్టుకెళ్ళు, మీ అమ్మకి థాంక్స్ చెప్పు అన్నాడు.

ఆరు నెలలుగా నేను కోరుకుంటున్నది సరిగ్గా అదే. తీసుకుని పరిగెత్తి ఉంటే సరిపోయేది. కానీ నా నోట్లోంచి మా అమ్మ మాట్లాడింది.

"ఖాళీగానా? మా ఇళ్ళల్లో ఖాళీ డబ్బా పంపకూడదు అంకుల్. మంచిది కాదు."

అనేశాక నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన మాత్రం చాలా సీరియస్‌గా విన్నాడు. మీ మతంలో అలా ఉంటుందా అని అడిగాడు. ఉంటుందని తల ఊపాను. ఊపకపోతే ఇంకో పది ప్రశ్నలు అడుగుతాడు, సైకిలు రైడుకి నాకు ఆలస్యమవుతుంది. సరే అయితే డబ్బా ఇక్కడే ఉంచు, సాయంత్రం వచ్చి తీసుకో అన్నాడు. ఆయన అప్పుడు సరస్సువైపు చూడటం నేను చూశాను. వచ్చేటప్పుడు ఎక్కుడులో చేతులు ఖాళీగా ఉన్నాయని సంబరపడుతూ వచ్చేశాను. కొండల మీద మబ్బు వంగి ఉందన్నది కూడా చూశాను, చూసి మర్చిపోయాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక గాలి దిగింది. ఆ గాలి ఎలాంటిదంటే, బట్టలు ఆరేసిన తీగ ఊడిపోయి పక్కింటి కప్పు మీదకి వెళ్ళింది. సరస్సు మీద తెల్లటి అలలు లేచాయి. మూడు గంటలకి అమ్మ, వెళ్ళి డబ్బా తెచ్చేయి, వాన వచ్చేలా ఉంది అంది. విసుక్కుంటూ వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. వంటగట్టు మీద డబ్బా బోర్లించి ఉంది, నీలం మూత పక్కన ఆరుతోంది. పిలిస్తే పలకలేదు. వెనకవైపు వెళ్ళాను. గోడకి మేకు ఉంది, దానికి ఉండాల్సిన నారింజ జాకెట్టు లేదు. చేతికర్ర గోడకి ఆనించి ఉంది. పడవ లేదు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. ఆ మాట అర్థం నాకు ఆ గోడ దగ్గర తెలిసింది. ఆయన ఎందుకు వెళ్ళాడో ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే ఎవరికీ తెలియదు కూడా. సిగ్గులేకుండా చెబుతున్నాను, నేను ఒక నిమిషంపాటు అదే ఆలోచించాను. తర్వాత ఆ డబ్బా పట్టుకుని, ఏడుస్తూ ఆ వీధంతా పైకి పరిగెత్తాను.

అమ్మకి మొత్తం చెప్పేశాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. వెంటనే నాన్నని కేకేసింది. నాన్న పవర్ హౌస్‌కి ఫోన్ చేసి, వాళ్ళ పెద్ద పడవ తీయించి, డ్యూటీలో ఉన్న ఇద్దరితో కలిసి వెళ్ళాడు. ఊరు ఊరంతా ఒడ్డుకి వచ్చింది. ఎవరో దుప్పట్లు తెచ్చారు, ఎవరో ఫ్లాస్కులు తెచ్చారు. అమ్మ చీర మీద నాన్న రెయిన్ జాకెట్టు వేసుకుని, పడవ తాత ఇంటి ముందు నీళ్ళలోకి వేసిన చెక్క రేవు చివర నిలబడింది. గాలికి పడిపోతావు, వెనక్కి రమ్మని ఎవరు చెప్పినా వినలేదు. నేను ఆ డబ్బాని పొట్టకి అదుముకుని ఆవిడ వెనకాల నిలబడ్డాను. వచ్చినవీ రానివీ దండకాలన్నీ మనసులో చదివాను. ఆయన తిరిగొస్తే ఈ డబ్బాని రోజుకు పదిసార్లు మోస్తానని మొక్కుకున్నాను.

గంటన్నర పట్టింది. అవతలి ఒడ్డున, విల్లో చెట్ల కింద దొరికాడు. ఇంజనులోకి నీళ్ళు వెళ్ళి ఆగిపోతే, గాలే ఆయన్ని అక్కడికి నెట్టింది. కొత్త తుంటితో ఒడ్డెక్కలేక, మోకాలి లోతు నీళ్ళున్న పడవలోనే కూర్చుండిపోయాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇద్దరు చెరోవైపు పట్టుకుని దింపుతుంటే ఆయన కళ్ళు నాకోసం, నా చేతిలో డబ్బాకోసం వెతికాయి. జాకెట్టు లోపలనుంచి చేప తీశాడు. అరచేయంత పొడవు కూడా లేదు. మామూలు రోజైతే తిరిగి నీళ్ళలో వదిలేసేవాడు. దాన్ని డబ్బాలో పెట్టి, "ఖాళీగా పంపకూడదన్నావు కదా" అన్నాడు.

అప్పుడు పేలింది మా అమ్మ. ఇంగ్లీషు గింగ్లీషు ఏమీ లేదు, అచ్చమైన భీమవరం తెలుగు.

"ఎవరు వెళ్ళమన్నారండీ మిమ్మల్ని? మేమేమన్నా చేప మొహం ఎరగనోళ్ళమా? ఓ డబ్బా కోసం ప్రాణం మీదకి తెచ్చుకుంటారా? మీకేమన్నా అయితే నేనేం కావాలి? ఈ ఊళ్ళో మాకింకెవరున్నారు?"

ఆ చివరి మాట దగ్గర జాకెట్టు చేతిలో ముఖం దాచుకుంది. ఊరంతా బిత్తరపోయి చూస్తోంది. పడవ తాత దుప్పట్లోంచి ఒక్క మాటా అర్థం కాకుండానే, చాలా బుద్ధిగా, అవునవునని తల ఊపుతూ విన్నాడు. భార్య పోయాక తనని అంతసేపు ఎవరూ తిట్టలేదని తర్వాత నాన్నతో అన్నాడట.

నర్సు వచ్చి చూసింది. రెండురోజులు వెచ్చగా పడుకోవాలంది. మూడోరోజు అమ్మ నన్ను తీసుకుని ఆయన ఇంటికి వెళ్ళింది. మధ్యలో నేను దుబాసీని. నేను అన్నది తప్పనీ, అది మతం కాదు అలవాటు మాత్రమేననీ చెప్పి క్షమించమని అడగమంది. అడిగాను. ఆయన నవ్వి, కుంటుతూ వెళ్ళి తన ఫ్రీజరు తలుపు తెరిచాడు. లోపల అమ్మ పులిహోర, అమ్మ గారెలు, అమ్మ లడ్డూలు, ఒక్కోదానిమీద చీటీ అంటించి వరసగా ఉన్నాయి. అంత కారం, అంత తీపి ఒంటరిగా తినలేకా, పారేయలేకా దాచాడట. ఆపమని చెబితే మీ అమ్మ నొచ్చుకుంటుందేమోనని భయం వేసిందట. ఆరు నెలలు నేను మోసింది ఒక ఫ్రీజరులోంచి ఇంకో ఫ్రీజరులోకి! నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పెద్దవాళ్ళని కూర్చోబెట్టి ఇద్దరికీ చెరో మొట్టికాయ వేయాలనిపించింది.

తర్వాత ఆయన నాతో నెమ్మదిగా చెప్పాడు, మీ అమ్మకి ఇది సరిగ్గా అర్థమయ్యేలా చెప్పు అని.

"ఈ దేశంలో ట్రౌట్‌ని ఎవరూ అమ్మకూడదు, ఎవరూ కొనకూడదు. చట్టమే అలా ఉంది. పట్టినవాళ్ళు తినాలి, లేదా ఇవ్వాలి. మొదటి చేప నేను ఊరికే ఇచ్చాను. ఆ మాట చెప్పేలోపే పులిహోర వచ్చేసింది."

నేను తెలుగులో చెప్పాను. డెయిరీ కొట్టతను అది అమ్మరని ఎందుకన్నాడో అమ్మకి అప్పుడు తెలిసింది. అంతకన్నా పెద్దది ఇంకేదో కూడా తెలిసి ఉండాలి.

మర్నాడు ఆ చిన్న చేపని ఫ్రీజరులోంచి తీసి వేపుడు చేసింది. ముగ్గురి వేళ్ళకి అంటేంత కూడా లేదు. అందరం తిన్నాం. ఆ తర్వాత డబ్బా కడిగి, తుడిచి, గట్టుమీద పెట్టుకుని దాని ముందు నిలబడింది. చెయ్యి శనగపిండి డబ్బా మీదకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. నెయ్యి సీసా మీదకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. మా అమ్మ అంత కష్టపడటం నేను అంతకుముందు చూడలేదు. చివరికి ఒక చెంచాడు పంచదార తీసి డబ్బాలో వేసి మూత పెట్టింది.

"మా అమ్మ ఇంట్లో ఏమీ లేనప్పుడు ఇంతే వేసి పంపేది. ఖాళీ కాకపోతే చాలు. ఇక్కడికొచ్చాక మనమేం తక్కువ కాదనిపించుకోవాలని అదంతా మర్చిపోయాను" అంది. నాతో కాదు, డబ్బాతో అన్నట్టు అంది.

మొదటిసారి ఆ డబ్బా నాకు బరువు లేకుండా ఉంది. పడవ తాత మూత తీసి చూశాడు. తర్వాత టీ పెట్టుకుని, పంచదార అంతా డబ్బాలోంచి కప్పులోకి దులుపుకుని, కలుపుకుని, నీళ్ళవైపు చూస్తూ చివరిదాకా తాగాడు. డబ్బా కడిగి అలమరలో తన గిన్నెల పక్కన పెట్టేసుకున్నాడు. నేను ఉత్త చేతులతో ఇంటికి వచ్చాను. ఆ తర్వాత కూడా ఆయన చేపలు ఇచ్చాడు, కాగితంలో చుట్టి. అమ్మ అప్పుడప్పుడు పిలిచి అన్నం పెట్టింది. కానీ ఎవరూ ఎవరికీ తిరిగి పంపలేదు.

ఆయన పోయినప్పుడు మేము ఉత్తర దీవికి వచ్చేసి నాలుగేళ్ళయింది. ఆయన ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు మా పేరు రాసి ఉన్న ఒక పార్సెల్ పంపారు. అమ్మ విప్పి, నీలం మూత చూసి కూలబడిపోయింది. ఇప్పుడది ఈ ఉత్తర దీవిలోనే, రోటోటూనాలో మా ఇంట్లో ఉంది.

నేను ఇప్పుడు ఆంటీని, ఇంకొన్నాళ్ళకి అమ్మమ్మనయ్యే వయసు. మా వీధిలో చాలావరకు తెలుగువాళ్ళమే. ఏ ఇంట్లో పుట్టినరోజుకి వెళ్ళినా, ఏ వ్రతానికి వెళ్ళినా రిటర్న్ గిఫ్టు సంచీ చేతిలో పడుతుంది. వాళ్ళు స్టీలు గిన్నె ఇచ్చారు కాబట్టి మేము ఇత్తడిది, మేము ఇత్తడిది ఇచ్చాం కాబట్టి ఇంకొకరు ఇంకోటి. చూస్తుంటే నాకు మళ్ళీ ఆ ఎక్కుడు ఎక్కుతున్నట్టే ఉంటుంది. నేను మానేశాను. నా వెనకాల పిసినారిదంటారని నాకు తెలుసు, అననీ.

మొన్న పక్కింటి కివీ ఆవిడ, అంటే ఈ దేశపు మనిషి, ఫిజోవా పళ్ళు గిన్నెనిండా ఇచ్చి వెళ్ళింది. తిన్నాం, గిన్నె కడిగాను, చెంచాడు పంచదార వేశాను. నా కూతురు తొంగి చూసి, "మమ్మీ, ఇంతేనా? షీ గేవ్ అస్ సో మచ్" అంది.

"ఇంతే. ఎక్కువ వేస్తే ఆవిడ మళ్ళీ పడవ తీయాల్సొస్తుంది" అన్నాను.

ఆవిడకి పడవ లేదు కదా అంది అది. లేదులే అన్నాను, మూత పెట్టి ఇచ్చి రమ్మన్నాను.